హౌస్ ఆఫ్ ద డ్రాగన్ మొదటి ఎపిసోడ్: రెనీరా హక్కుకు ఆధారం ఏమిటి? (చర్చ)

నల్లరేగడి:
గేమ్ ఆఫ్ థ్రోన్స్‌కి ముందుకథ ఈ సీరియల్. ఇది మొదటి సీజన్ మొదటి ఎపిసోడ్‌కి మాత్రమే. 2022 ఆగస్టు 21న అమెరికాలో హెచ్‌బీఓలో వచ్చింది, మనకు మర్నాడు పొద్దున. రచన రయాన్ కాండల్, దర్శకత్వం మిగెల్ సపోచ్నిక్. మూల పుస్తకం (జార్జ్ ఆర్.ఆర్. మార్టిన్ రాసిన 'ఫైర్ అండ్ బ్లడ్') చదివినవాళ్లు ఎపిసోడ్‌కి ముందు జరిగిన సంగతులు ఎన్నైనా రాయొచ్చు, తర్వాత జరిగేవి మాత్రం వద్దు.

అందరూ డ్రాగన్ల గురించి, టోర్నీ గురించి మాట్లాడుతున్నారు. నాకు మాత్రం ఈ గంట పైచిలుకు ఎపిసోడ్ మొత్తం ఒకే ప్రశ్న చుట్టూ తిరుగుతున్నట్టు కనిపిస్తుంది: ఈ రాజ్యంలో వారసత్వానికి చట్టం అంటూ ఉందా, లేక ఎప్పటికప్పుడు పెద్దలు తీసుకున్న నిర్ణయాలే ఉన్నాయా? మొదటి సీను హారెన్‌హాల్ కోటలో దొరల మహాసభ. ముసలి రాజు జెహేరిస్ ఇద్దరు కొడుకులూ పోయారు. పద్నాలుగు మంది హక్కులు విన్నారు, అందులో నిజంగా పోటీలో ఉన్నది ఇద్దరే. వంశంలో పెద్దది రెనిస్. మగవాళ్లలో పెద్దవాడు విసెరిస్. సభ విసెరిస్‌కి పట్టం కట్టింది. అంటే ఆయన కిరీటానికి ఉన్న ఏకైక ఆధారం "ఆడపిల్ల కంటే మగవాడు ముందు" అన్న ఆ తీర్పే. ఎపిసోడ్ చివర అదే మనిషి తన కూతురు రెనీరాని వారసురాలిగా ప్రకటిస్తాడు. కూర్చున్న కొమ్మను నరుక్కోవడం కాదా ఇది?

ఇసకతిన్నె:
ఇన్ని పేర్లు ఒకేసారి వస్తే బుర్రకెక్కదండీ. రెనిస్, రెనీరా ఇద్దరూ ఒకరేనా అని అడిగేవాళ్లు చాలామంది ఉన్నారు. ముందు ఎవరికి ఎవరు ఏమవుతారో ఒక్కసారి రాస్తారా ఎవరైనా?

రాగిచెంబు:
రాస్తాను. తండ్రి వైపు నుంచి లెక్కేసుకుంటే మనకు తేలిగ్గా గుర్తుంటుంది.

జెహేరిస్ విసెరిస్‌కి తాత. ఆయన పెద్దకొడుకు ఏమన్, చిన్నకొడుకు బేలన్. ఏమన్‌కి ఒక్కతే కూతురు, రెనిస్. బేలన్‌కి ఇద్దరు కొడుకులు, విసెరిస్, డేమన్. అంటే రెనిస్ విసెరిస్‌కి పెదనాన్న కూతురు, వయసులోనూ పెద్దది, అక్క. ఆమె భర్త కోర్లిస్ వెలేరియన్ బావ. మంత్రిమండలిలో కోర్లిస్ రాజుతో అంత నిక్కచ్చిగా మాట్లాడటం వెనక ఈ చుట్టరికం ఉంది, దేశంలోనే పెద్ద నౌకాదళం తన చేతిలో ఉందన్న ధీమా కూడా ఉంది.

రాణి ఎమ్మా: ఈమె తల్లి డేయెల్లా, జెహేరిస్ కూతురు. అంటే విసెరిస్ చేసుకున్నది మేనత్త కూతుర్ని. మేనరికం మనకు కొత్త కాదు కాబట్టి ఇది వింతగా అనిపించదు. అయితే బేలన్ చేసుకున్నది సొంత చెల్లెలు అలిస్సా, కాబట్టి తల్లి వైపు నుంచి చూస్తే ఎమ్మా పిన్ని కూతురు కూడా అవుతుంది. అక్కడ మన లెక్క తప్పుతుంది.

రెనీరా విసెరిస్, ఎమ్మాల కూతురు. డేమన్ ఆమెకు బాబాయి. ఆలిసెంట్ ఆమె స్నేహితురాలు. ఆలిసెంట్ తండ్రి ఓటో హైటవర్, రాజుకు ప్రధానమంత్రి లాంటి పదవి. ఈ ఎపిసోడ్‌కి ఇంత తెలిస్తే చాలు.

నల్లరేగడి గారూ, హారెన్‌హాల్ మహాసభకు ముందే ఒక నిర్ణయం జరిగింది. ఎపిసోడ్‌లో చెప్పలేదు కానీ మీ ప్రశ్నకు అదే అసలు మూలం. వాళ్ల లెక్కలో 92వ ఏట పెద్దకొడుకు ఏమన్ చనిపోయాడు. అప్పుడు జెహేరిస్ మనవరాలు రెనిస్‌ని పక్కనబెట్టి చిన్నకొడుకు బేలన్‌ని వారసుణ్ని చేశాడు. సభ లేదు, వోట్లు లేవు, రాజు మాటే. తర్వాత 101లో బేలన్ కూడా పోయాకే మహాసభ పెట్టాల్సి వచ్చింది. కాబట్టి రెండు నిర్ణయాలున్నాయి. ఒకటి రాజు ఒక్కడే తీసుకున్నది, రెండోది దొరలంతా కలిసి తీసుకున్నది. రెండూ ఆడపిల్లకు వ్యతిరేకంగానే వచ్చాయి, కానీ రెండిటికీ అధికారం వచ్చిన దారి వేరు. విసెరిస్ పట్టుకున్నది 92 నాటి దారి: ఎవరు వారసులో రాజు చెబితే అదే చెల్లాలి. తాతకు ఆ హక్కు ఉంటే మనవడికీ ఉండాలి కదా.

పుస్తకానికీ తెరకీ ఒక తేడా ఉంది. పుస్తకంలో మహాసభ నాటికి రెనిస్ ప్రధాన పోటీలో లేదు. ఆమె తరఫున ఏడేళ్ల కొడుకు లేనార్ పేరు పెట్టారు. అంటే అక్కడ తేలాల్సింది "ఆడది ఏలొచ్చా" అని కాదు, "ఆడదాని ద్వారా వచ్చిన మగపిల్లాడికి హక్కు ఉంటుందా" అని. సీరియల్ దాన్ని సూటిగా రెనిస్, విసెరిస్‌ల పోటీగా మార్చింది. ఒక్క చూపులో అర్థమయ్యేలా చేయడానికి సరైన మార్పే. కాకపోతే పుస్తకంలోని తీర్పు ఇంకా కఠినమైనది. ఆడపిల్లనే కాదు, ఆమె సంతానాన్ని కూడా కొట్టేసింది.

వేపపూత:
వయసుల మార్పు కూడా చెప్పాలి. పుస్తకంలో ఎమ్మా చనిపోయేటప్పటికి రెనీరాకి ఎనిమిదేళ్లు, ఆలిసెంట్ ఆమె కంటే దాదాపు తొమ్మిదేళ్లు పెద్ద. ఏడాది 105. తెర మీద విసెరిస్ ఏలుబడికి తొమ్మిదో ఏడు, ఇద్దరమ్మాయిలూ ఒక ఈడువాళ్లు. గేమ్ ఆఫ్ థ్రోన్స్ నాయిక డెనేరిస్ పుట్టుకకు 172 ఏళ్ల ముందు అని తెర మీద వేస్తారు. రెనీరా, ఆలిసెంట్‌లుగా వేసిన మిలీ ఆల్కాక్, ఎమిలీ కేరీ ఇద్దరూ చెట్టు కింద ఒకరి ఒళ్లో ఒకరు తల పెట్టుకుని చదువుకునే సీను ఆ మార్పు లేకుండా పుట్టేది కాదు. తర్వాత ఆలిసెంట్‌ని తండ్రి రాజు గదికి పంపినప్పుడు మనకు గుచ్చుకునేది ఆ స్నేహం వల్లే.

ఆ చదువు సీనులో రెనీరా అప్పజెప్పే పాఠం విన్నారా? రాకుమారి నిమేరియా పదివేల ఓడల్లో తన జనాన్ని దాటించి దక్షిణాన ఉన్న డోర్న్ దేశానికి తెచ్చి, అక్కడి మార్టెల్ దొరను పెళ్లాడి, ఓడల్ని తగలబెట్టించిన కథ. డోర్న్‌లో వారసత్వం మగా ఆడా చూడదు, మొదట పుట్టినవాళ్లదే. ఆ కాలానికి డోర్న్ ఇంకా ఈ రాజ్యంలో కలవలేదు కూడా. రెనీరా పుస్తకంలోంచి చించి ఆలిసెంట్ చేతిలో పెట్టే కాగితం ఆ పాఠానిదే. నల్లరేగడి గారు వేసిన ప్రశ్న ఆ చెట్టు కిందే మొదలైంది.

తంగేడు_డాక్టర్:
రాణి ఎమ్మా ప్రసవం సీను గురించి వైద్యం వైపు నుంచి రాస్తాను, చాలాచోట్ల తప్పుగా రాస్తున్నారు కాబట్టి.

బిడ్డ ఎదురుకాళ్లతో ఉంది. నెలలు నిండేసరికి వందలో మూడు నాలుగు కాన్పుల్లో ఇలా ఉంటుంది. ఇవాళైతే 37వ వారం దగ్గర పొట్ట మీద నుంచి చేతులతో నెమ్మదిగా బిడ్డను తిప్పే ప్రయత్నం చేస్తారు. దాదాపు సగం సందర్భాల్లో తిరుగుతుంది. అది కూడా స్కానింగ్ పెట్టి, బిడ్డ గుండె కొట్టుకోవడం వింటూ, అవసరమైతే వెంటనే ఆపరేషన్ చేయగల చోటే చేయాలి. తిరగకపోతే చాలామందికి సిజేరియన్ చేస్తారు. రాజవైద్యుడు మెలోస్ బిడ్డను తిప్పడానికి చూశామని, కుదరలేదని రాజుతో చెప్తాడు. కానీ అప్పటికే నొప్పులు ముదిరిపోయాయి. ఆ దశలో తిప్పడం దాదాపు అసాధ్యం.

ఇక కోత. నెలలు నిండిన గర్భసంచికి నిమిషానికి అర లీటరుకు పైగా రక్తం వెళ్తుంది. కోసి, మాయ తీసి, సంచిని ముడుచుకునేలా చేసి, కుట్టాలి. మన చరిత్రలో మత్తు ఇవ్వడం 1846 తర్వాతే నిలదొక్కుకుంది. అంతకంటే ముఖ్యం, గర్భసంచిని కూడా కుట్టాలన్న పద్ధతిని జర్మన్ వైద్యుడు మాక్స్ శాంగర్ 1882లో స్థిరపరిచాడు. అంతకుముందు పొట్ట పైపొర కుట్టి లోపలి సంచిని అలాగే వదిలేసేవాళ్లు. దానివల్ల తల్లులు రక్తం పోయో, చీము పట్టో చనిపోయేవాళ్లు. ఎపిసోడ్‌లో తల్లిని కాపాడాలన్న ప్రయత్నమే లేదు, కుట్టే మాటే లేదు. అందుకే అది ఆపరేషన్ కాదు. బిడ్డ కోసం తల్లిని చంపడం. మెలోస్ రాజును అడిగింది కూడా సరిగ్గా అదే: ఇద్దర్నీ పోగొట్టుకుంటారా, ఒకర్నైనా దక్కించుకుంటారా అని.

ఎమ్మాని మాత్రం ఎవరూ అడగలేదు. ఆమె తెలివిలోనే ఉంది, భయపడుతోంది, వద్దంటోంది. చేతులు పట్టుకుని అదిమిపెట్టారు. గసగసాల పాలు ఇచ్చామంటారు గానీ అది నల్లమందు లాంటిది, నొప్పిని మొద్దుబారుస్తుంది తప్ప ఇంత కోతకు తెలివి తప్పించదు. అంతకుముందు స్నానం దగ్గర ఆమె భర్తతో ఏం చెప్పిందో గుర్తు తెచ్చుకోండి. ఉయ్యాలలో ఒక బిడ్డ పోయింది, రెండు చనిపోయి పుట్టాయి, రెండు నెలలు నిండకుండానే పోయాయి. పదేళ్లలో ఐదు. ఇదే ఆఖరిది, ఇక నావల్ల కాదు అని చెప్పింది. విసెరిస్ విన్నాడు, ఊకొట్టాడు.

గర్భంతో ఉన్నవాళ్లకు, ఈమధ్యే కాన్పు అయినవాళ్లకు ఒక మాట: టోర్నీ మధ్యలో రాజును కబురంపి పిలిపించగానే ఆపేసి, కొండ మీద చితి కనిపించే వరకూ ముందుకు జరపండి. కథలో మీకు తెలియాల్సినదల్లా పైన ఉంది.

జొన్నకంకి:
డాక్టరమ్మా, మస్తు వివరంగా చెప్పిన్రు. నేను కూర్పు గురించి చెప్తా.

ఆ కాన్పును ఒక్క ముక్కగా చూపించలే. గుర్రాల మీది పోటీకి, కాన్పు గదికి మధ్య మార్చి మార్చి కోసిన్రు. బయట బల్లెం తగిలి రక్తం, లోపల దుప్పటి మీద రక్తం. అంతకుముందే ఎమ్మా బిడ్డకు చెప్తది, కానుపు మంచమే మన యుద్ధభూమి అని. కూర్పు ఆ మాటనే పట్టుకున్నది. పోటీల కుర్రోళ్లు యుద్ధం ఎట్లుంటదో చూడలే, రాజ్యంల డెబ్బై ఏండ్లుగా శాంతి. ఉత్త ఆటల కోసం తలకాయలు పగలగొట్టుకుంటున్నరు. నిజమైన పోరు గదిల నడుస్తున్నది, దాన్ని చూసేటోడు లేడు.

ఆ టోర్నీని పెట్టింది కూడా కొడుకు పుట్టబోతున్నడని. పుట్టకముందే పండుగ చేసిన్రు. డేమన్ ఆడ ఓటో కొడుకు గ్వేన్ మీద గెలిచిన తీరు చూడున్రి. బల్లెం మనిషికి గాదు, గుర్రం కాళ్లకు దించిండు. వెంటనే పోయి ఆలిసెంట్‌నే ఆశీర్వాదం అడిగిండు, అన్నను పడగొట్టి చెల్లెను. డేమన్ ఎసువంటోడో చెప్పనీకి ఇగ వేరే సీను అక్కర్లే.

ఇసకతిన్నె:
అయితే పుట్టిన కొన్ని గంటలకే పోయిన ఆ పసివాణ్ని డేమన్ "ఒక్కరోజు వారసుడు" అని నిజంగా అన్నాడా? ఆ సీను రెండుసార్లు చూశాను, ఆ మాట నాకు వినపడలేదు.

జొన్నకంకి:
వినపడదు. తెర మీద ఆ మాట పలికినట్టు చూపించలే, ఆడికి రాకముందే కోసేసిన్రు. మనకు తెలిసేది ఓటో రాజుకు చెప్పినంకనే. విసెరిస్ సూటిగ అడుగుతడు, అన్నవా లేదా అని. డేమన్ కాదనడు, అవుననడు. ఎవరి దుఃఖం వాళ్లది అన్నట్టు మాట్లాడతడు. కావాలనే ఉంచిన ఖాళీ అది.

రాగిచెంబు:
అన్నాడనే నా నమ్మకం. కాదనే అవకాశం ముఖం మీదికి వచ్చినా వాడుకోలేదు. కానీ అదే మనిషి చితి దగ్గర ఏం చేశాడో కూడా చూడాలి. పెద్ద కట్టె పక్కన చిన్న మూట. రెనీరా నోట మాట రాదు. డేమన్ దగ్గరికొచ్చి వాళ్ల వంశపు పాత భాష వలీరియన్‌లో నెమ్మదిగా, నీ తండ్రికి నువ్వే కావాలిప్పుడు అంటాడు. ఆమె, తమ్ముడు బతికిన ఆ కాసిన్ని గంటల్లోనైనా నాన్నకు సంతోషం దొరికిందో లేదో అంటుంది. ఆ తర్వాతే చితి అంటించమని తన డ్రాగన్ సిరాక్స్‌కి ఆజ్ఞ ఇస్తుంది. ఆమె మనసులో ఏముందో అడిగి విన్నది ఆ ఇంట్లో బాబాయి ఒక్కడే.

ఓటోని మాత్రం తక్కువ అంచనా వేయకండి. ఆ వేషం వేసిన రీస్ ఈఫన్స్ గొంతు ఎక్కడా పెంచడు. డేమన్ సింహాసనం ఎక్కితే రెండో మేగోర్ (పాతకాలపు క్రూర రాజు) అవుతాడని భయపెడతాడు. డేమన్ చేతికింది నగర రక్షకులు దొంగల చేతులు, తలలు నరికిన రాత్రి తర్వాత ఆ భయంలో నిజం కూడా ఉంది. అబద్ధం చెప్పకుండానే పని జరిపించుకునే మనిషి.

వేపపూత:
ఈ కథకు మూలం ఇంగ్లండ్ చరిత్రలో ఉందని మార్టిన్ చాలాసార్లు చెప్పాడు. మొదటి హెన్రీ ఒక్కగానొక్క సక్రమ కొడుకు 1120 నవంబరులో ఓడ మునిగి చనిపోయాడు. రాజు 1127 జనవరికల్లా దొరలందరి చేత కూతురు మటిల్డాకి విధేయులమని ప్రమాణం చేయించాడు. 1135 డిసెంబరు 1న హెన్రీ పోయాడు, ఆ నెల దాటకుండానే మేనల్లుడు స్టీఫెన్ కిరీటం పెట్టించుకున్నాడు. ప్రమాణం చేసిన ముందు వరుసలో ఆయనా ఒకడు. ఎందుకు చెల్లలేదంటే, హెన్రీ ప్రమాణం చేయించాడే గానీ కూతురి చేతిలో కోటలు పెట్టలేదు. కట్నంగా ఇస్తానన్న కోటల గురించే తండ్రికీ కూతురికీ చివరి రోజుల్లో గొడవ. ఖజానా ఒకచోట, వారసురాలు ఇంకోచోట.

నల్లరేగడి:
ఇదే నేను వెతుకుతున్న ముక్క. మన వైపు గణపతిదేవుడు చేసింది దీనికి పూర్తిగా వేరు. కొడుకులు లేరు, కూతురు రుద్రమకు ఇవ్వాలనుకున్నాడు. ప్రకటనతో ఆగలేదు. తాను బతికుండగానే, 1260 ప్రాంతంలో, ఏలుబడిలో భాగం ఇచ్చాడు. శాసనాల్లో రుద్రదేవ మహారాజు అన్న మగ పేరుతో నిలబెట్టారు. తిరుగుబాట్లు రాలేదని కాదు, వచ్చాయి. కానీ అప్పటికి సైన్యం ఆమె మాట వినడం అలవాటు చేసుకుంది. 1289లో యుద్ధంలో పోయేదాకా ఏలింది.

దీని పక్కన విసెరిస్‌ని పెట్టి చూడండి. ప్రకటించేనాటి వరకూ రెనీరా మంత్రిమండలిలో ఏం చేస్తోంది? మద్యం పోస్తోంది. బల్ల చుట్టూ ఒక్కొక్కరూ కూర్చోగానే తమ ముందున్న రాతి గోళాన్ని గుంటలో పెడతారు, హాజరు అన్నట్టు. ఆమెకు గోళం లేదు. మెట్ల రాళ్ల దీవుల దగ్గర ఓడల దోపిడీ గురించి కోర్లిస్ హెచ్చరిస్తుంటే కూజా పట్టుకుని నిలబడి వింటుంది. ఎపిసోడ్ ముగిసేసరికి ఆమెకు ఒక బిరుదు, ఒక రహస్యం దక్కాయి. కోట లేదు, సేన లేదు, బల్ల దగ్గర చోటు లేదు. ఆమె చేతిలో ఉన్న అసలైన బలం సిరాక్స్ ఒక్కటే, అది తండ్రి ఇచ్చింది కాదు.

తంగేడు_డాక్టర్:
ఆ రహస్యం సంగతి ఏమంటారు? బలేరియన్ అనే పాత డ్రాగన్ పుర్రె ముందు కొవ్వొత్తుల వెలుగులో విసెరిస్ కూతురికి, వంశపు మొదటి రాజు ఏగన్ కల గురించి చెప్పడం. ఉత్తరం నుంచి చీకటి వస్తుందని, అప్పుడు సింహాసనం మీద తమ టార్గేరియన్ వంశం వాళ్లే ఉండాలని. పుస్తకంలో ఇది ఉందా?

రాగిచెంబు:
పుస్తకంలో లేదు, సీరియల్‌లోనే వచ్చింది. ఆలోచన మార్టిన్ నుంచే వచ్చిందని కాండల్ చెప్పాడు. నాకు ఇది నచ్చింది. విసెరిస్ కూతురికి సింహాసనాన్ని హక్కుగా ఇవ్వడం లేదు, మోయాల్సిన భారంగా ఇస్తున్నాడు. విసెరిస్‌గా వేసిన ప్యాడీ కాన్సిడైన్ ముఖంలో ఆ తేడా కనిపిస్తుంది. కానీ వారసత్వం లెక్కలో ఇది పనికొచ్చే సాక్ష్యం కాదు. ఒక్కరికే చెప్పిన మాటను రేపు ఏ సభలో చూపిస్తారు?

ఇసకతిన్నె:
ఆ పుర్రె సీను నాకు సగం నలుపే కనిపించింది. టీవీలో ఏమైనా మార్చాలా?

జొన్నకంకి:
గదిల లైట్లు బంద్ చేయి. టీవీల వివిడ్ మోడ్ తీసేసి సినిమా మోడ్ గానీ ఫిల్మ్‌మేకర్ మోడ్ గానీ పెట్టు. మోషన్ స్మూతింగ్, డైనమిక్ కాంట్రాస్ట్, కరెంటు పొదుపు మోడ్ మూడూ ఆపు. ఇంకా నల్లగుంటే బ్యాక్‌లైట్ పెంచు. బ్లాక్ లెవల్ పెంచితే నలుపు బూడిద రంగుకు వస్తది, కొవ్వొత్తుల అందం పోతది. సబ్‌టైటిల్స్ కూడ పెట్టుకో, వలీరియన్ మాటలు తప్పవు. పెద్ద టైటిల్స్ వరుస ఎందుకు రాలేదని అడగకు, అది రెండో ఎపిసోడ్ నుంచి మొదలైతది.

వేపపూత:
చివరి సీను దగ్గరికి వద్దాం. దొరలు ఒక్కొక్కరే మోకరిల్లుతారు. కోర్లిస్, హైటవర్ పెద్ద, బోర్మండ్ బరాథియన్, రికన్ స్టార్క్. ప్రమాణం వాక్యాన్ని జాగ్రత్తగా వినండి. రాజు విసెరిస్‌కీ, ఆయన ప్రకటించిన వారసురాలు రాకుమారి రెనీరాకీ విధేయుణ్నై ఉంటానని, శత్రువులందరి నుంచీ మోసం లేకుండా కాపాడతానని.

నల్లరేగడి:
ఆ వాక్యంలో రెండు విషయాలు గమనించాలి. ఒకటి, ఆమె పేరు పలికించారు. ఉత్త "రాజుగారి వారసులు" అని ఉంటే రేపు రాజు మనసు మార్చుకుంటే ప్రమాణం కూడా మారిపోయేది. పేరు ఉంది కాబట్టి కొంత గట్టిదే. ఇది విసెరిస్ చేసిన మంచి పని.

రెండోది, ప్రమాణం చేసింది ఆ మనుషులు. తమ పిల్లల్ని కట్టిపడేయలేదు. బోర్మండ్ ముసలివాడు, ఆయన తర్వాత వచ్చేవాడు ఏ మాటా ఇవ్వలేదు. మహాసభ తీర్పునూ రద్దు చేయలేదు. మళ్లీ సభ పిలిచి, 101 నాటి నిర్ణయాన్ని దొరల నోటితోనే వెనక్కి తీయించి ఉంటే అది చట్టం అయ్యేది. ఆ పని చేస్తే తన పట్టాభిషేకాన్నే ప్రశ్నించాల్సి వచ్చేది, రెనిస్ అక్కడే కూర్చుని చూస్తూ ఉండేది. అందుకే చేయలేకపోయాడు.

రాగిచెంబు:
మూడోది కూడా ఉంది. రాజు మళ్లీ పెళ్లి చేసుకుని కొడుకు పుడితే ఏమిటన్న మాట ఆ ప్రమాణంలో ఎక్కడా లేదు. విసెరిస్ ఇంకా వయసు మళ్లినవాడు కాదు, కొడుకు కావాలనే పిచ్చితోనే భార్యను పోగొట్టుకున్నాడు. ఎమ్మా చితి ఆరకముందే ఓటో కూతుర్ని తల్లి చీర లాంటి... కాదు, తల్లి గౌను వేసుకుని వెళ్లమని రాజు గదికి పంపింది ఈ సందు చూసుకునే. ఆలిసెంట్ చేతిలో పుస్తకం పట్టుకుని గుమ్మంలో నిలబడుతుంది. సింహాసనం ముందు దొరలు మోకరిల్లేటప్పటికే ఆ రాకపోకలు మొదలయ్యాయి.

నల్లరేగడి:
రెండో ఎపిసోడ్‌కి వేరే థ్రెడ్ తెరిచాను. పెళ్లి సంగతి అక్కడ మాట్లాడదాం, ఇక్కడ వద్దు.